పిడికిలి లెక్క

కార్విన్ హార్బర్, ఒంటారియో
1975 నవంబరు 9

దార్కా అక్కకి,

గెలిచాం! ఐదు–మూడు! ముందు ఆ ముక్క రాసేసి, క్షేమసమాచారాలు తర్వాత అడుగుదామనుకున్నాను. ఎలా ఉన్నావు? అమ్మ మోకాలు ఎలా ఉంది? సరే, ఇక విను.

రెండో భాగం సగమయ్యేసరికి మూడు–ఒకటితో వెనకబడి ఉన్నాం. జనం కోట్లలో తలలు దూర్చుకుని చావుకొచ్చినట్టు కూర్చున్నారు. బ్లాక్ ఫాల్స్ ఐస్ హాకీ జట్టులో స్లోన్ అని ఒకడున్నాడు, నిలబడితే వాకిలి మూసుకుపోతుంది. వాడు మా రెమీని గోడకేసి అదిమాడు. రెమీ అంటే మా జట్టులో అందరికన్నా పొట్టివాడు, అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టేవాడు. నేను ఊరుకుంటానా?

"ఏరా, ఎలకపిల్లల్ని తొక్కడమేనా, మనుషులతో ఏమైనా పనుందా?" అన్నాను.

"నీకోసమే కాచుక్కూర్చున్నానురా, గోధుమబస్తా!" అన్నాడు.

గ్లవ్స్ మంచు మీద పడ్డాయి, అంటే కొట్లాట మొదలైనట్టే. వాడికి నాలుగు, నాకు రెండు. ఇద్దర్నీ ఐదేసి నిమిషాలు పెనాల్టీ పెట్టెలో కూర్చోబెట్టారు. కానీ అక్కా, ఆ మూడువేలమంది లేచి నిలబడటం నువ్వు చూడాల్సింది! రింకు కప్పు ఎగిరిపోతుందనుకున్నాను. నేను పెట్టెలో ఉండగానే మావాళ్ళు రెండు కొట్టారు, బయటికొచ్చాక ఇంకో రెండు. ఇది నా పిడికిలి మహిమ కాకపోతే మరేమిటి?

కొత్త కోచ్ మెక్‌నిష్ మాత్రం ఒప్పుకోడు. "క్రిస్మస్ తర్వాత ఒకణ్ణి ఇంటికి పంపాలి. మూడేళ్ళలో ఒక్క గోల్ కొట్టనివాడికి బెంచీ మీద చోటెందుకు?" అన్నాడు, నా మొహం వంక చూస్తూనే. "నేను కొట్లాడితేనే కదండీ గెలుస్తున్నాం!" అన్నాను. "రుజువేది?" అన్నాడు.

అందుకే నువ్వు గుర్తొచ్చావు. రోజంతా గింజలు లెక్కపెట్టడమే కదా నీ ఉద్యోగం? ఇది కూడా లెక్కపెట్టి పెట్టు. నేను అద్దెకుండే ఇంటి యజమానురాలు ఐలీ పెద్దమ్మే రింకులో ఆట పట్టీలు రాస్తుంది. ఎవరు ఏ నిమిషంలో గోల్ కొట్టారో, ఎవరు ఎవర్ని కొట్టారో అన్నీ ఉంటాయి. ఏడేళ్ళ పట్టీలు ఆవిడ మంచం కింద ఉన్నాయి. పెట్టెలో సర్ది రైల్లో పంపిస్తున్నాను. నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఇక్కడ వద్దంటే నన్ను ఇంకో జట్టు తీసుకోదు. కొట్లాట వల్ల గెలుస్తామని నిరూపించు చాలు.

చెవి వాచి టోపీ పట్టని,
నీ తమ్ముడు ఓరెస్ట్


సాస్కటూన్
1975 నవంబరు 20

ఒరేయ్ ఓరెస్ట్,

నీ పెట్టె వచ్చింది. తెరవగానే ఇల్లంతా ఎండుచేపల వాసన. మీ ఐలీ పెద్దమ్మ మంచం కింద ఇంకేం దాస్తుందో కనుక్కో. అమ్మ కిటికీలన్నీ తెరిచింది. బయట సున్నాకి ఇరవై డిగ్రీలు కింద!

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను, స్లోన్ ఉన్న చోట్లన్నీ ఎగరగొట్టి. "వాడు మంచి పిల్లాడు, ఎవరి జోలికీ పోడు" అంది. నేను సూప్‌లోకి చూస్తూ కూర్చున్నాను.

ఇక అసలు విషయం. నువ్వు ఒక్క ఆట చూపించి ఇదే రుజువంటున్నావు. మా ప్రయోగశాలకి రైతులు ఇలాగే వస్తారు. "అమ్మాయ్, ఈ మందు పట్టించిన విత్తనం నూటికి తొంభై మొలిచింది, మందు అద్భుతం" అంటారు. "మందు పట్టించనివి ఎన్ని మొలిచాయి?" అని అడుగుతాను. అవి లెక్కపెట్టలేదంటారు. పట్టించనివీ తొంభై మొలిస్తే ఇక మందు చేసిందేముంది? నువ్వు కొట్లాడి గెలిచిన ఆటలు నీకు పేరుపేరునా గుర్తుంటాయి. కొట్లాడి ఓడినవి? ఎవరూ కొట్లాడకుండానే గెలిచినవి? అవి ఎవరికీ గుర్తుండవు. అవన్నీ పక్కపక్కన పెట్టాలి.

ఇంకొకటి. జట్టు వెనకబడ్డప్పుడే మీరు ఎక్కువగా కొట్టుకుంటారేమో. అప్పుడు కొట్లాడినవాటిలో ఓటములు ఎక్కువ కనిపిస్తాయి, అది నీకు అన్యాయం. అందుకని అన్నే గోల్స్ వెనకబడి కొట్లాడని ఆటలతో పోల్చి చూస్తాను. నీకేమీ అన్యాయం జరగదు.

కానీ ఒక షరతు. ఏది తేలితే అదే రాస్తాను. నీకు నచ్చేలా లెక్క వంచమంటే మాత్రం ఇప్పుడే చెప్పు, పెట్టె తిప్పి పంపేస్తాను.

చెవికి గోరువెచ్చని ఉప్పుకాపడం పెట్టుకో.

అక్క


కార్విన్ హార్బర్
1975 డిసెంబరు 2

అక్కా,

ఒప్పుకున్నాను! వంద షరతులు పెట్టు! నిజం నావైపే ఉంది, నాకేం భయం?

మెక్‌నిష్‌కి చెప్పాను. "మా అక్క ప్రభుత్వ శాస్త్రవేత్త. ఏడేళ్ళ ఆటలూ లెక్కిస్తోంది" అన్నాను. వాడు సిగరెట్టు నోట్లోంచి తీసి, "నిజంగానా? అయితే ఆ కాగితం వచ్చేదాకా ఆగుతాను" అన్నాడు. అంటే నా కుర్చీ ఇప్పుడు నీ చేతిలో ఉంది! జట్టంతా పందేలు వేసుకుంటున్నారు. రెమీ నావైపే వేశాడు. "నువ్వు లేకపోతే నేను ఈపాటికి పలకలా గోడకి వేలాడేవాణ్ణి" అన్నాడు.

మొన్న శనివారం మళ్ళీ గెలిచాం. నేను కొట్లాడాను. ఈ ఆట కూడా చేర్చుకో.

పొట్టిగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ఓరెస్ట్


సాస్కటూన్
1975 డిసెంబరు 15

తమ్ముడూ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

రెండువారాల సాయంత్రాలు పట్టింది. బల్ల మీద ఒకవైపు బఠాణీలు, ఒకవైపు చిక్కుడుగింజలు పోసి లెక్కపెట్టాను. అమ్మ సూప్‌లోకని రెండుసార్లు బఠాణీలు ఎత్తుకుపోతే మొదటినుంచి మొదలుపెట్టాను. సమంగా ముగిసినవి తీసేస్తే నాలుగువందల ఆటలు మిగిలాయి. నూట అరవైలో కొట్లాట ఉంది. వాటిలో గెలిచినవి డెబ్బై ఎనిమిది, అంటే నూటికి నలభై తొమ్మిది. కొట్లాట లేనివి రెండువందల నలభై. గెలిచినవి నూట పద్దెనిమిది. నూటికి ఎంతో తెలుసా? నలభై తొమ్మిది.

నమ్మలేక మళ్ళీ చేశాను. రెండు గోల్స్ వెనకబడ్డాక కొట్లాడిన ఆటలు యాభై. వాటిలో తిరగబడి గెలిచినవి తొమ్మిది. అలాగే వెనకబడి కొట్లాడనివి అరవై ఒకటి. గెలిచినవి పదకొండు. రెండూ ఒకటే. పోనీ, కొట్లాట అయిన వెంటనే తర్వాతి గోల్ ఎవరిదో చూద్దామనుకున్నాను. మీది డెబ్బైసార్లు, వాళ్ళది డెబ్బై రెండుసార్లు.

ఓరెస్ట్, నీ పిడికిలికీ గెలుపుకీ సంబంధం లేదు. జనం లేస్తారు, కేకలేస్తారు, అది నిజమే. అయినా మీరు కొట్టే ఆ రబ్బరు బిళ్ళకి, ఆ పక్‌కి, చెవులు లేవు.

ఇందులో రెండు కాగితాలు పెట్టాను. ఒకటి నీకు, ఇంకొకటి కోచ్‌కి. అది ఇస్తావో పొయ్యిలో వేస్తావో నీ ఇష్టం. నేను ఎవరికీ నేరుగా పంపలేదు.

ఇంకో మాట. నీ పోయినసారి ఉత్తరంలో అక్షరాలు తాగినవాడి నడకలా ఉన్నాయి. ఉత్తరం రాసేవేళకి కూడా తాగి కూర్చుంటే, నాన్న దారిలోనే పోతున్నావని అర్థం. అమ్మకి చూపించలేదు. నువ్వు చక్కగా స్కేటింగ్ చేస్తావు. చిన్నప్పుడు మన చెరువు మంచు మీద నిన్ను ఎవరూ పట్టుకోలేకపోయేవారు. ఆ కొట్లాట మానేసి ఆడు. మానితే నష్టం లేదని నీ పట్టీలే చెబుతున్నాయి.

అక్క


కార్విన్ హార్బర్
1975 డిసెంబరు 27

దార్కాకి,

లెక్క అందింది. కృతజ్ఞతలు.

నువ్వు నా గురించి ఎప్పుడూ సిగ్గుపడుతూనే ఉన్నావు. సాస్కటూన్‌కి మేం ఆడటానికొచ్చినప్పుడు మీ ప్రయోగశాలవాళ్ళు పక్కనే ఉంటే, నన్ను చూసి కూడా వేరేవైపు తిరిగావు. నా కన్ను నల్లగా కమిలి ఉందని. నేను చూడలేదనుకున్నావా? ఇప్పుడు నాలుగువందల ఆటలు లెక్కపెట్టి మరీ నేను పనికిమాలినవాణ్ణని నిరూపించావు. తాగుబోతునని కూడా.

అమ్మకి నూతన సంవత్సర శుభాకాంక్షలు.

ఓరెస్ట్


సాస్కటూన్
1976 జనవరి 5

ఓరెస్ట్,

ఎల్లుండి మన ఉక్రేనియన్ క్రిస్మస్. రేపు రాత్రి విందుకి పన్నెండు వంటకాలు చేయాలి. అమ్మ బంగాళాదుంప కూరి పెరోహీ చుడుతోంది, నేను ఈ ఉత్తరం రాస్తున్నాను. పిండి అంటితే క్షమించు.

అవును, వేరేవైపు తిరిగాను. నిన్ను చూసి సిగ్గుపడి మాత్రం కాదు. "ఆ ఇరవై నాలుగో నంబరువాడు జంతువులా ఉన్నాడు" అని మా ప్రయోగశాల పెద్దాయన అన్నాడు. వెంటనే "వాడు నా తమ్ముడు" అనాల్సింది. నోరు పెగల్లేదు. నాకు సిగ్గేసింది నా పిరికితనం గురించి. మూడేళ్ళుగా అది నాలోనే ఉంది. నువ్వు చూశావని నాకు తెలియదు.

పనికిమాలినవాడివని నేను ఎక్కడ రాశాను? కొట్లాట పనికిరాదన్నాను. నువ్వూ నీ కొట్లాటా ఒకటేనని నీకెవరు చెప్పారు?

కోచ్ ఏమన్నాడో రాయి. పంపించేస్తే రైలెక్కి ఇంటికి రా. నీకోసం పళ్ళెం ఎలాగూ పెడతాం.

నీ అక్క, ఏమన్నా అక్కే


కార్విన్ హార్బర్
1976 జనవరి 19

అక్కా! అక్కా! అక్కా!

పంపించలేదు! మొదటినుంచి చెబుతాను, ఊపిరి తీసుకోనీ.

నీ ఉత్తరం వచ్చిన రోజున కోచ్ కాగితం పొయ్యి దాకా తీసుకెళ్ళాను. ఐలీ పెద్దమ్మ నా చేయి పట్టుకుంది. "ఏడేళ్ళు చలిలో వేళ్ళు కొంకర్లు పోతున్నా రాశాను. అందులోంచి వచ్చిన నిజాన్ని నా ఇంట్లోనే తగలబెడతావా?" అంది. ఆవిడ పట్టుకున్న నా చేతికి కట్టు ఉంది అక్కా. కుడిచేయి. నవంబరు చివర్లో స్లోన్ హెల్మెట్‌కి తగిలి రెండు ఎముకలు విరిగాయి. నేను నీకు ఎడమచేత్తో రాశాను. తాగలేదు. నాన్న చనిపోయాక ఒక్క చుక్క ముట్టలేదు. చెబితే అమ్మకి తెలుస్తుందనీ, కోచ్‌కి తెలిస్తే ఆరోజే సంచి సర్దిస్తాడనీ దాచాను. గ్లవ్‌లో గుడ్డపట్టీలు బిగించి ఆడుతున్నాను. పెద్దమ్మకీ, ఇప్పుడు నీకూ తప్ప ఎవరికీ తెలియదు.

సరే, ఆ కాగితం తీసుకెళ్ళి ఇచ్చాను. మెక్‌నిష్ రెండుసార్లు చదివాడు. పగలబడి నవ్వాడు.

"ఒరేయ్, మీ అక్కని ఉద్యోగంలోకి తీసుకోవాలిరా నేను! ఇందులో నువ్వు పనికిరావని లేదు. నువ్వు పెట్టెలో కూర్చున్న ఐదు నిమిషాలూ దండగ అని ఉంది. ఇంత మనిషివి పెట్టెలో ఎందుకు, వాళ్ళ గోల్ కాసే గోలీ ముందు నిలబడు. వాడికి నీ వీపు తప్ప ఇంకేమీ కనబడకూడదు" అన్నాడు.

"కొట్లాటకి పిలిస్తే?" అన్నాను.

"అక్క వద్దంది అని చెప్పు."

నిజంగా అలాగే చెబుతున్నాను! విరిగిన చేయి దాచుకోవడానికి ఇంతకన్నా మంచి సాకు దొరుకుతుందా? ఎవడొచ్చినా "మా అక్క లెక్క తేల్చింది, లాభం లేదు" అంటున్నాను. బయటి ఊళ్ళవాళ్ళు "అక్కకూచీ! అక్కకూచీ!" అని పాట కట్టారు. మా ఊరివాళ్ళే మొన్న నా మీద పాప్‌కార్న్ విసిరారు. కానీ నేను గోలీ ముందు గోడలా నిలబడితే రెమీ నా కాళ్ళ సందుల్లోంచి కొడుతున్నాడు. నాలుగు ఆటల్లో ఐదు గోల్స్!

నేనూ మొరటుగా రాశాను. మర్చిపో. ఆ పెద్దాయన్ని కూడా క్షమించాను. ఆరోజు నిజంగానే జంతువులాగే ఉన్నాను.

ఓరెస్ట్


సాస్కటూన్
1976 ఫిబ్రవరి 3

అక్కకూచీకి ఆశీస్సులు,

నవ్వాలో తన్నాలో తెలియడం లేదు. విరిగిన చేత్తో రెండునెలలు! తాగావన్నందుకు నా నోరు పడిపోవాలి. 

అమ్మకి చెప్పేశాను. చేయి సంగతీ, కొట్లాటల సంగతీ. ఏడుస్తుందనుకున్నాను. "ఏ చేయి?" అంది. కుడి అన్నాను. "వాళ్ళ నాన్నలాగే కుడిచేత్తో మొదలుపెడతాడన్నమాట. ఎడమచేత్తో కొడితే ఎవడూ కాచుకోలేడు" అంది. మనం ఇన్నేళ్ళూ ఎవరి దగ్గర దాచామో అర్థం కాలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఇంకోమాట, శాస్త్రవేత్తగా చెబుతున్నాను. నాలుగు ఆటల్లో ఐదు గోల్స్ పడినంత మాత్రాన అది కొట్లాట మానడం వల్లేనని పాడకు. నాలుగు ఆటలు లెక్కలోకి రావు.

అక్క


కార్విన్ హార్బర్
1976 మార్చి 29

అక్కా,

ఛాంపియన్లం! ఛాంపియన్లం! ఇది కుడిచేత్తోనే రాస్తున్నాను. కట్టు తీసి నెల దాటింది!

చివరి పోటీ బ్లాక్ ఫాల్స్‌తోనే. ఏడు ఆటల్లో చెరి మూడూ అయ్యాయి. నిన్న మా రింకులో ఏడోది. మెట్ల మీద కూడా జనం. ఆఖరి భాగంలో రెండు–రెండు, ఇంకా నాలుగు నిమిషాలుంది. స్లోన్ రెమీని వెనకనుంచి గుద్దాడు. రెమీ మంచు మీద బోర్లాపడి లేవలేదు. రెఫరీ అటుతిరిగి ఉన్నాడు, చూడలేదు. నేను స్లోన్ దగ్గరికి వెళ్ళాను.

"ఏం, అక్కని అడిగొచ్చావా?" అన్నాడు.

నా కుడి గ్లవ్ సగం ఊడింది అక్కా. నీ లెక్క గుర్తొచ్చి ఆగానని రాయాలని ఉంది, అబద్ధం రాయలేను. గెలుపూ లేదు, ఓటమీ లేదు, వాడి మూతి ఒక్కటే కనిపిస్తోంది. కొట్టేవాణ్ణే.

అప్పుడు ఒక విచిత్రం జరిగింది. నీ గొంతు వినిపించింది. మూడువేల గొంతుల మధ్య, మన భాషలో, "కొట్టరా ఓరెస్ట్! పళ్ళు రాలగొట్టు!" అని. నువ్వు సాస్కటూన్‌లో గింజలు లెక్కపెట్టుకుంటున్నావు కదా, పైగా నువ్వు ఆ మాట అనవు. నాకు మతి పోయిందనుకున్నాను. ఆ ఆశ్చర్యానికి చేయి గాల్లోనే ఆగిపోయింది. ఎవరన్నారా అని తల పైకెత్తాను. ఆ క్షణంలో స్లోన్ నా దవడ మీద ఇచ్చాడు. ఒకటి, రెండు, మూడు. ఈసారి రెఫరీ చూశాడు. వాడొక్కడే పెట్టెలోకి వెళ్ళాడు.

రెమీ లేచాడు! నేను లేచాను! గోలీ ముందు నిలబడ్డాను, తల తిరుగుతోంది, కళ్ళముందు చుక్కలు. రెమీ కొట్టిన పక్ నా పిరుదుకి తగిలి లోపలికి పోయింది. మూడు–రెండు! మూడేళ్ళలో నా మొదటి గోల్, అదీ నేను చూడలేదు!

డాక్టరు దవడ పరీక్ష చేశాడు. గొంతులు వినిపించాయని చెబితే, దెబ్బకి అలా అవుతుందన్నాడు. దెబ్బ తర్వాత తగిలింది కదండీ అంటే నా చెవుల్లోకి దీపం వేసి చూశాడు. మెక్‌నిష్ వచ్చే ఏడాదికి కూడా ఉండమన్నాడు. అమ్మకి చెప్పు. నువ్వూ ఇక్కడుంటే ఎంత బావుండేదో.

సూప్ మాత్రమే తాగగలుగుతున్న,
నీ ఓరెస్ట్


సాస్కటూన్
1976 ఏప్రిల్ 6

ఓరెస్ట్,

నీకు మతి పోలేదు. అది నేనే.

రెండురోజులు సెలవు పెట్టి, రాత్రీ పగలూ రైల్లో కూర్చుని వచ్చాను. నీకు ముందే చెబితే కంగారుపడతావని చెప్పలేదు. ఉత్తరం వైపు మెట్ల మీద, పేపరు మిల్లువాళ్ళ మధ్య నిలబడ్డాను. మొదటి రెండు భాగాలూ బుద్ధిగా చూశాను. నువ్వు గోలీ ముందు నిలబడటం, నీ మడమల మీద వాళ్ళు స్టిక్కులతో కొడుతున్నా కదలకపోవడం. చూస్తూ ఏడ్చాను, పక్కాయన చేతిరుమాలు ఇచ్చాడు.

తర్వాత రెమీ పడిపోయాడు. స్లోన్ నవ్వుతూ నీతో ఏదో అన్నాడు. నాలో ఏం లేచిందో తెలియదురా. నాలుగువందల ఆటలు లెక్కపెట్టినదాన్ని, నూటికి ఎంతో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని, రేలింగ్ ఎక్కి నిలబడి అరిచాను. కొట్టు అన్నాను. పళ్ళు అన్నాను. ఇంకా రెండు మాటలన్నాను, అవి నీకు వినపడనందుకు దేవుడికి దండం. ఆ నిమిషంలో మీరు ఓడిపోతారన్నా నాకు పట్టేది కాదు. నాకు వాడి ముక్కు కావాలి, అంతే. నా కాగితం తప్పేమీ కాదు, గెలుపు గురించి అడిగాను, గెలుపు గురించే చెప్పింది. జనం ఎందుకు లేస్తారో నేనసలు అడగనేలేదు. లేచి నిలబడ్డాకే తెలిసింది.

నువ్వు తల పైకెత్తావు. నన్నే చూశావనుకున్నాను. నా వల్లే నీకు మూడు దెబ్బలు పడ్డాయి. ఆట ముగిశాక జనం మంచు మీదకి దూకారు, నిన్ను భుజాలకెత్తుకున్నారు. నేను కిందకి రాలేక కాదు, మొహం చెల్లక రాలేదు. ఆరున్నర రైలు పట్టుకుని తిరిగి వచ్చేశాను. ఇదే నిజం, నువ్వే కదా అబద్ధం రాయలేనన్నావు.

గొంతు మాత్రం పూర్తిగా పోయింది. బుధవారం ప్రయోగశాలకి వెళితే మాట రాక చేత్తో సైగలు చేస్తున్నాను. మా పెద్దాయన దగ్గరికి వచ్చాడు. అదే, ఆ పెద్దాయన.

"జలుబు చేసిందామ్మా?" అన్నాడు.

తల అడ్డంగా ఊపాను. ఆయన చెవి దగ్గరికి వంగి, ఉన్న కాస్త గొంతుతో చెప్పాను.

"మా తమ్ముడి ఆట చూసొచ్చానండీ. ఇరవై నాలుగో నంబరు."

దార్కా